కుక్కకు దెబ్బ ఏం నేర్పుతుంది?

వీధి కుక్క ఎదురైనప్పుడు ఊరికే నేల మీదికి వంగి చూడండి. రాయి తీయనక్కర్లేదు, అసలక్కడ రాయి ఉండనక్కర్లేదు. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో అయినా, ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డులో అయినా మీ నడుము వంగడమే ఆలస్యం, చాలా కుక్కలు తోక ముడిచి నాలుగు గజాల అవతల ఉంటాయి.

రాయి విసిరినవాళ్లు నేర్పాలనుకున్నది "మా వాకిట్లోకి రాకు" అని. కుక్క నేర్చుకున్నది "వంగిన మనిషితో ప్రమాదం" అని. అందరూ పడుకున్నాక అదే కుక్క అదే వాకిట్లో చెత్తబుట్ట బోర్లేస్తుంది. అప్పుడు వంగే మనిషి లేడు కదా! దెబ్బతో వచ్చే చదువు గురించి ప్రవర్తన శాస్త్రం నూరేళ్లకు పైగా పరిశోధించి తేల్చినదాంట్లో సగం ఈ వీధిలోనే కనిపిస్తుంది.

పెంపుడు కుక్క సంగతికొస్తే రాయి స్థానంలో చుట్టిన న్యూస్‌పేపర్ ఉంటుంది, లేదంటే బెత్తం, మెడ బెల్టు పట్టి గుంజడం, మూతి మీద ఒక్కటి తగిలించడం. డబ్బులిచ్చి ట్రైనర్‌ను పిలిపించుకున్నా చాలాచోట్ల ఆయన సంచిలోంచి ముందు బయటికొచ్చేది గుంజితే మెడకు బిగుసుకునే చోక్ చైనే. దండం దశగుణం అన్న మాట మీద మనకున్న నమ్మకం అలాంటిది. బడి పిల్లల విషయంలో ఆ నమ్మకాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కనీసం కాగితం మీద కొట్టేసింది. కుక్క దగ్గరికి వచ్చేసరికి అది అలాగే ఉంది.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. కొన్రాడ్ మోస్ట్ అనే జర్మన్ పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణపై ఒక పుస్తకం రాశాడు. తప్పు చేస్తే గుంజు, లొంగితే వదులు అన్నది అందులో ప్రధాన సూత్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనిక కుక్కలు ఆ దారిలోనే తయారయ్యాయి. యుద్ధాల తర్వాత ఆ విద్య తెలిసినవాళ్లు ఇంటి కుక్కలకూ దాన్నే నేర్పారు. దీనికి తోడు తోడేళ్ల సిద్ధాంతం ఒకటి వచ్చి చేరింది. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో బాసెల్ జూలోని తోడేళ్లను గమనించి, గుంపులో పెత్తనం కోసం నిత్యం పోరు ఉంటుందని రాశాడు. అక్కడి నుంచి "కుక్క కూడా తోడేలే కదా, ఇంట్లో నువ్వే లీడర్ అని చూపించాలి" అన్న ఉపదేశం పుట్టింది. ఈ భావాన్ని 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రజ్ఞుడు డేవిడ్ మీచ్ తర్వాత కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాడు. గుంపు అంటే చాలావరకు ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలేనని 1999లో తానే తేల్చి చెప్పాడు. జూలో ఒకదానికొకటి పరిచయం లేని తోడేళ్లను ఒకే దొడ్డిలో పడేస్తే జరిగిన కొట్లాటను మనం వాటి సంసారం అనుకున్నామన్నమాట. శాస్త్రజ్ఞుడు మాట మార్చుకున్నాడు. మన ట్రైనర్లు ఇంకా ఆ పాత మాటే చెబుతున్నారు.

అసలు జంతువు ఎలా నేర్చుకుంటుంది? ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో బంధించి, అవి గడియ తీసుకుని బయటపడే తీరును కొలిచాడు. సుఖాన్నిచ్చే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది, బాధ కలిగించే పని తగ్గుతుంది అన్నది ఆయన మొదటి సూత్రం. 1930ల నాటికి ఆయనే దాన్ని సవరించాడు. బహుమతి అలవాటును బలపరిచినంతగా శిక్ష దాన్ని బలహీనపరచదని చెప్పాడు. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఈ లెక్కలను పావురాలతో, ఎలుకలతో పక్కా చేశాడు. ఆయన శిష్యులు కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు దాన్ని ల్యాబ్ దాటించి కోళ్లకు, పందులకు, మరెన్నో జంతువులకు నేర్పే వ్యాపారంగా మార్చారు. కుక్కల లోకంలో మలుపు తెచ్చిన కారెన్ ప్రయర్ మొదట డాల్ఫిన్ల శిక్షకురాలు. డాల్ఫిన్‌కు గొలుసు వేయలేం, గుంజలేం. అలిగితే నీటి అడుగుకు పోతుంది. చేతిలో ఉన్నవి ఒక ఈల, ఒక చేపల బకెట్, అంతే. ఆ రెంటితోనే గాల్లో పల్టీలు కొట్టించగలిగినప్పుడు, మెడకు గొలుసున్న జంతువును మాత్రం ఎందుకు కొట్టాలి? 1984లో ఆమె రాసిన పుస్తకం తర్వాత ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడం ట్రైనర్లకు కష్టమైంది.

ఈల ఎందుకంటే, మెదడుకు సమయం ముఖ్యం. వుల్‌ఫ్రమ్ షుల్ట్స్ కోతుల మెదడులో డోపమైన్ కణాలను పరిశీలించినప్పుడు ఒక చిత్రం బయటపడింది. మొదట్లో రసం చుక్క నోట్లో పడగానే ఆ కణాలు చెలరేగేవి. రసానికి ముందు ఒక దీపం వెలగడం అలవాటయ్యాక దీపం దగ్గరే చెలరేగడం మొదలైంది, రసం దగ్గర నిశ్శబ్దం. దీపం వెలిగి రసం రాకపోతే కణాల చురుకు మామూలుకన్నా తగ్గింది. అంటే మెదడు లెక్కపెట్టేది బహుమతిని ఒక్కదాన్నే కాదు, అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడాను కూడా. కుక్క కూర్చున్న క్షణంలోనే "భేష్" అని పొట్టి మాట ఒకటి అని, వెంటనే ముక్క పెడితే ఆ మాటే దానికి దీపం. మీరు జేబు తడుముకుంటూ ముక్క వెతికేలోపు కుక్క లేచి నిలబడితే మీరు బహుమతి ఇచ్చింది లేచి నిలబడ్డందుకు.

శిక్ష పనిచేయదా? పనిచేస్తుంది, ఆ మాట దాచకూడదు. కానీ దానికి షరతులున్నాయి. తప్పు జరిగిన క్షణంలోనే పడాలి. జరిగిన ప్రతిసారీ పడాలి. మొదటిసారే సరిపడా గట్టిగా పడాలి. ఇంట్లో ఈ మూడూ కుదరవు. పొద్దున తొమ్మిదికి చెప్పు కొరికిన కుక్కకు సాయంత్రం ఆరింటికి డ్యూటీ నుంచి వచ్చి వాతలు పెడతాం. "చూడండి, తప్పు చేశానని దానికి తెలుసు, మొహం ఎలా పెట్టిందో!" అంటాం. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో ఆ మొహాన్నే పరీక్షించారు. వద్దన్న బిస్కెట్ తిన్నదా లేదా అన్నదానితో ఆ "తప్పు మొహానికి" సంబంధం లేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదే లెక్క. ఏమీ తినకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ మొహం మరీ ఎక్కువగా కనిపించింది. చేయని తప్పుకు దెబ్బలేమిటన్న ఫిర్యాదు మనకు కొత్తది కాదు. నన్నయ భారతం ఆదిపర్వంలోనే దేవశునకం సరమ జనమేజయుడి దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయని నా కొడుకును నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీస్తుంది.

దెబ్బ ఇంకొకరికి కూడా శిక్షణ ఇస్తుంది, కొట్టిన మనిషికి. అరిచి ఒకటి తగిలించగానే మొరగడం రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాల ప్రశాంతతే ఆయనకు బహుమతి. స్కిన్నర్ లెక్క ప్రకారం రేపు ఆయన ఇంకాస్త త్వరగా కొడతాడు.

లెక్కలు కావాలంటే ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో 140 మంది యజమానుల సర్వే ప్రచురించారు. కుక్కను కొట్టడమో తన్నడమో చేసినవాళ్లలో 43 శాతం మందికి ఎదురైంది తిరుగుబాటే: గుర్రుమనడం, మీదికి రావడం, కరవడం. వెల్లకిలా పడేసి అదిమిపెట్టినవాళ్లలో 31 శాతం మందికీ అంతే. పోర్చుగల్‌లో 2020లో వెలువడిన అధ్యయనం ఇంకా లోపలికి వెళ్లింది. ఏడు శిక్షణ బడుల నుంచి 92 కుక్కలను తీసుకుని, మామూలు రోజుల్లో ఇంటి దగ్గర, శిక్షణ రోజుల్లో క్లాసు తర్వాత లాలాజలంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ కొలిచారు. శిక్షలు ఎక్కువగా వాడే బడుల కుక్కల్లో అది పెరిగింది. తర్వాత గిన్నె పరీక్ష. ఒక పక్కన పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో పక్కన గిన్నె ఎప్పుడూ ఖాళీ. ఈ సంగతి కుక్కకు బాగా తెలిశాక గిన్నెను మధ్యలో పెట్టారు. బహుమతులతో నేర్చిన కుక్కలు ఆశగా దానివైపు గబగబా వెళ్లాయి. ఎక్కువ శిక్షలతో నేర్చినవి "ఏముంటుందిలే" అన్నట్టు మెల్లగా వెళ్లాయి. అప్పటికి అవి క్లాసులో లేవు, వాటి మీద చేయెత్తినవాళ్లు కూడా లేరు.

"ఇదంతా సోఫా మీది కుక్కలకు, పనిచేసే కుక్కకు దెబ్బ పడాల్సిందే" అనేవాళ్లు ఉంటారు. వాళ్లు మన జిల్లాల్లో పోలీసు జాగిలాల పనిని దగ్గరగా చూడాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మట్టి రోడ్ల కింద నక్సలైట్ల మందుపాతరలు ఉండొచ్చన్న భయం ఒక తరమంతా ఉండింది. ఇవాళ వేములవాడ శివరాత్రి జాతరకో, మంత్రి పర్యటనకో ముందు తనిఖీకి వచ్చే జాగిలాలది ఆ వారసత్వమే. రాష్ట్ర పోలీసు జాగిలాలు, వాటి హ్యాండ్లర్లు మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో నెలల తరబడి జంటగా తయారవుతారు.

వాసన పని నేర్పే తీరు ప్రపంచమంతటా దాదాపు ఒకటే. బంతి అంటే పడిచచ్చే కుక్కపిల్లను ఎంచుకుంటారు. వరుసగా పెట్టిన పెట్టెల్లో ఒకదాంట్లో మాత్రం పేలుడు పదార్థం వాసన ఉంటుంది. ఆ పెట్టె దగ్గర ముక్కు ఒక్క క్షణం ఆగిందో లేదో బంతి ఎగురుతుంది, ఆట మొదలవుతుంది. కొన్నాళ్లకు ముక్కు ఆగితే చాలదు, కూర్చుంటేనే బంతి. కూర్చోవడమే ఎందుకంటే మందుపాతరను కాలితో గీకే కుక్క మనకు వద్దు. ఇంకొన్నాళ్లకు పెట్టెలు పోయి బస్సు సీట్లు, కల్వర్టులు, సూట్‌కేసులు వస్తాయి. కుక్కకు మాత్రం అది మొదటి రోజు ఆటే.

ఇక్కడ దెబ్బకు చోటెక్కడ? రోడ్డు కింద ఏముందో హ్యాండ్లర్‌కు తెలియదు, తెలిసింది కుక్కకే. తప్పు చూపించిందని దాన్ని గుంజి కొడితే అది నేర్చుకునేది ఖచ్చితత్వం కాదు, మౌనం. అనుమానం ఉన్నచోట కూడా కూర్చోకుండా ముందుకు నడుస్తుంది. ఆ మౌనం ఖరీదు వెనుక వచ్చే జీపులో ఉన్నవాళ్లు చెల్లించాలి. అయితే వాసన పని ఆటగా నేర్పే దళాల్లో కూడా "సిట్, స్టే" కవాతు పాఠాలకు చోక్ చైన్ వాడకం ప్రపంచమంతటా చాలాకాలం నడిచింది. బెల్జియం సైన్యంలోని 33 హ్యాండ్లర్-కుక్క జంటలపై 2008లో వచ్చిన అధ్యయనంలో, సరిగా పని చేయని కుక్కలే ఎక్కువ శిక్షలు పడినవని తేలింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత తేలిగ్గా చెప్పలేం. గొలుసు ఆ కుక్కలను బాగు చేయలేదన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది.

అడవి వైపు కూడా ఇదే దారి. వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా ఉంచే ట్రాఫిక్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా సంస్థలు 2008లో వన్యప్రాణి నేరాల కోసం జాగిలాల కార్యక్రమం మొదలుపెట్టాయి. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లోని బీఎస్ఎఫ్ కేంద్రంలో, పంచకులలోని ఐటీబీపీ కేంద్రంలో పులి చర్మం, ఎముకలు, ఏనుగు దంతం వాసనలను తిండి, బంతి బహుమతులతోనే నేర్పారు. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌లాంటి చోట ఈ ముక్కుల అవసరం వేరే చెప్పాలా? అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులు, కరెంటు తీగలు పులులనూ చంపుతాయి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రోజుల తేడాతో రెండు పులులు చనిపోతే దర్యాప్తు విషం కలిపిన పశువు కళేబరం దాకా వెళ్లింది.

జాతి కుక్కల సంగతి సరే, మన ఊరకుక్క సంగతేమిటి? కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం ఏళ్లుగా వీధి కుక్కలనే చదువుతోంది. 2017లో వాళ్లు ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్త మనిషి రోజూ వచ్చి ఒకసారి తిండి పెట్టడంకన్నా తల నిమరడమే ఆ కుక్కల నమ్మకాన్ని ఎక్కువ గెలిచింది. ఎవరి దగ్గరా శిక్షణ పొందని వీధి కుక్కలు మనిషి వేలితో చూపిన గిన్నెను అర్థం చేసుకుంటాయని కూడా అదే బృందం తర్వాత చూపింది. పత్తి చేలో రాత్రి కాపలాకు యజమాని వెంట నడిచే ఆదిలాబాద్ కుక్కకు ఎవరూ క్లాసులు చెప్పలేదు. బుక్కెడు బువ్వకు, ఒక్క నిమురుకు అది తనంతట తానే నేర్చుకుంది.

మరి ఇన్నాళ్లూ గుంజి, కొట్టి పెంచిన కుక్కతో దారి మార్చడం ఎలా? కష్టమంతా మొదటి వారాల్లోనే. ఏం చేస్తే దెబ్బ పడుతుందో తెలియక ఏమీ చేయకుండా ఉండటం దానికి అలవాటై ఉంటుంది. దాన్ని చూసి "బుద్ధిమంతురాలు" అనుకున్నాం. కొత్త పద్ధతిలో అది ధైర్యం చేసి ఏదో ఒకటి చేయడం మొదలుపెట్టగానే "పాడైపోయింది" అనిపిస్తుంది. ఓపిక పట్టాల్సింది అప్పుడే.

అందరి ఇళ్లలోనూ ఉండే తంటా తీసుకుందాం. గేటు తీయగానే ల్యాబ్రడార్ ముందరి కాళ్లు మీ చొక్కా మీద. అరుస్తారు, మోకాలితో తోస్తారు. దినమంతా ఒంటరిగా ఉన్న కుక్కకు ఆ అరుపు, ఆ తోపులాట కూడా పలకరింపే. ఇకపై అది ఎగిరితే చూపు తిప్పేసుకుని కదలకుండా నిలబడండి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలో "భేష్" అని ముక్కను నేల దగ్గరే అందించండి. చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కందనకాయను ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు చేసుకుంటే చవకా, దానికి ప్రాణమూ. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం, దగ్గరికి రానీయొద్దు. ముక్కల్లో పెట్టినంత రాత్రి తిండిలో తగ్గించండి.

మొదట ఎగరడం తగ్గకపోగా పెరగొచ్చు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్టు, ఇన్నాళ్లూ పనిచేసిన పని ఒక్కసారిగా పనిచేయకపోతే జంతువు చాలాసార్లు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ గట్టి ప్రయత్నానికి లొంగితే కొంప మునిగినట్టే. నాన్న పట్టించుకోకపోయినా, పదోసారి ఎగిరినప్పుడు నానమ్మ జాలిపడి బిస్కెట్ వేస్తే కుక్కకు అర్థమయ్యేది పదిసార్లు ఎగరాలని. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి అలవాటును మొండిగా చేస్తుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లోనే చూపించారు. తెలంగాణ 2017లో నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీ జనాన్ని పట్టుకున్నదీ ఇదే మీటతో. అదే మీటను మంచికీ వాడొచ్చు. కుక్కకు పాఠం బాగా వచ్చాక ప్రతిసారీ ముక్క అక్కర్లేదు, అప్పుడప్పుడు చాలు. షికారుకు గేటు తెరవడం కూడా బహుమతే.

దీన్ని గారాబం అనుకోవద్దు. ఎగిరిన కుక్కకు మీ పలకరింపు ఆపేయడం శాస్త్రం లెక్కలో శిక్షే, నొప్పి లేని శిక్ష. ఎండాకాలం రామగుండం, ఆదిలాబాద్‌లలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో కుక్కకు ఆకలీ ఉండదు, బుర్రా పనిచేయదు, సీసీ రోడ్డు మీద అరికాళ్లు కాలతాయి. పాఠాలు పొద్దుగాలే, ఒక్కోటి అయిదు నిమిషాలు. కుక్కపిల్లయితే మూడో వారం నుంచి మూడు నెలల లోపు చూసిన ప్రపంచమే దానికి మామూలు ప్రపంచం అవుతుంది. టీకాలు పూర్తి కాలేదని ఇంట్లోనే మూసిపెట్టకుండా చేతుల మీద ఎత్తుకుని సంత, ఆటో మోత, బడిపిల్లలు అన్నీ చూపించాలి. దీపావళి టపాసులకు వణికే కుక్కను వణికినందుకు తిడితే భయం రెండింతలవుతుంది.

ఒకటి మాత్రం అస్సలు చేయకూడదు. గుర్రుమన్నందుకు కొట్టకూడదు. గుర్రు అంటే "ఇక ఆపు" అని అది నోరు తెరిచి ఇచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, కోపం ఉంటుంది. తర్వాత చెప్పాపెట్టకుండా కరుస్తుంది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత వరకే. కాటుకు చేయాల్సింది పావుగంట పాటు సబ్బు, ధారగా పారే నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టడం. కుక్కను రోజంతా గొలుసుతో కట్టేస్తే కాపలాకు పదునెక్కుతుందన్న నమ్మకం కూడా పల్లెల్లో గట్టిగా ఉంది. ఎక్కేది చిరాకే. జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ 1960 నుంచీ కొట్టడాన్నే కాదు, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడాన్ని కూడా నేరమంటోంది. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే కాబట్టి ఎవరికీ పట్టలేదు.

మీ కుక్క నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఉన్నట్టుండి కరవబోతే ట్రైనర్‌కు ఫోన్ చేయకండి, బెత్తమూ వెతకకండి. చెవిలో చీము, పుచ్చిన పన్ను, కీళ్ల నొప్పి ఎంత సాధు జంతువునైనా అలా చేస్తాయి. ముందు దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకుపోండి. జగిత్యాల వైపు ఉన్నవాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. నొప్పి లేదని డాక్టర్ చెప్పాకే శిక్షణ మొదలుపెట్టండి.